ఇద్దరూ కలిసే వెళ్ళిపోయారు

మేం చనిపోయిన సంగతి మాకు విమానం దిగాక తెలిసింది. అప్పటిదాకా ప్రయాణం బాగానే జరిగింది.

నేను హైస్కూల్లో జాగ్రఫీ టీచరుగా చేసి రిటైరయ్యాను. పగడపు దీవి ఎలా ఏర్పడుతుందో నల్లబల్ల మీద నీలం సుద్దముక్కతో ఎన్నిసార్లు బొమ్మ వేశానో లెక్కలేదు. దీవిని మాత్రం ఒక్కసారీ చూడలేదు. మీరు చూశారా టీచర్ అని పిల్లలెవరూ అడగలేదు కాబట్టి ఉద్యోగం నిలబడింది. రిటైరైనప్పుడు స్టాఫంతా కలిసి గోడగడియారం ఇచ్చారు. మా ఇంట్లో గోడల కంటే గడియారాలు ఎక్కువయ్యాయి. దాన్ని తగిలించడానికి మా ఆయన మేకు కొడుతుంటే అన్నాను, "ఏమండీ, నేను ఓడెక్కి దీవులు చూడాలి" అని.

"ఊఁ" అన్నారు.

ఆయన నీటిపన్నుల ఆఫీసులో సూపరింటెండెంటుగా చేశారు. అక్కడ "ఊఁ" అంటే ఫైలు అందింది అని అర్థం, అంతకుమించి ఏమీ కాదు. నేను దాన్ని మంజూరు కింద తీసుకున్నాను.

టికెట్లన్నీ మా తమ్ముడు చేశాడు. వాణ్ని ఇంట్లో అందరం "అర్జెంటు" అంటాం. ఏ పనైనా మనం చెప్పడం పూర్తిచేసేలోపే చేసేస్తాడు. ఒకసారి ఫోనులో "ఒరేయ్, ఫ్రిజ్ చల్లబడటం లేదురా" అన్నాను. సాయంత్రానికి పాతది అమ్మేసి కొత్తది గుమ్మంలో దింపాడు. కరెంటు పోయింది అని చెప్పబోయాను నేను.

వాడికి ఒకటే చెప్పాను. సగం భూగోళం అవతల దిగినా సరే, మూడు విమానాలు మారినా సరే, ఓడలో మాత్రం బాల్కనీ ఉన్న గది కావాలని. పొద్దున్నే లేచి తలుపు తీస్తే ఎదురుగా దీవి కనబడాలి. నా కోరికంతా అంతే. నగలడగలేదు, పట్టుచీరలడగలేదు. వాటికైనా ఆయన "ఊఁ" అనే అనేవారు, అది వేరే సంగతి.

మా ఆయన ఒక్క షరతు పెట్టారు. "మనం వెళ్ళేదాకా ఎవ్వరికీ తెలియకూడదు. తెలిస్తే ఒకళ్ళు సెంటుసీసా తెమ్మంటారు, ఇంకొకళ్ళు చాక్లెట్లు తెమ్మంటారు. మా అక్కయితే తనూ వస్తానంటుంది."

అందుకని మా అమ్మాయికి గట్టిగా చెప్పాం. మేం వెళ్ళేదాకా నోరు విప్పకు అని. మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. కొంప ముంచింది అదే.

విమానం చాలా పెద్దది. కప్పుకోమని దుప్పటి ఇచ్చారు, దిండు ఇచ్చారు, కళ్ళకి కట్టుకోవడానికి నల్లగుడ్డ, చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు, కాళ్ళకి మేజోళ్ళు ఇచ్చారు. ఊరికే ఇచ్చారు కాబట్టి మా ఆయన అన్నీ ఒకేసారి పెట్టుకున్నారు. ఆ వాలకం చూసి విమానంలో పనిచేసే అమ్మాయి నా దగ్గర వంగి, "ఆయనకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది.

"బాగానే ఉన్నారమ్మా. టికెట్ గిట్టుబాటు చేసుకుంటున్నారు" అన్నాను.

ఆ అమ్మాయి ఏ బండి తోసుకొచ్చినా ఆయన గుడ్డ పైకెత్తి, వద్దనకుండా తీసుకున్నారు. టమాటా రసం ఆయనకి పడదు. ముందు సీటాయన తీసుకున్నాడని ఈయనా తీసుకున్నారు. ఎదురుగా తెర మీద బోలెడు సినిమాలున్నాయి. అవేవీ చూడలేదు. విమానం ఎక్కడుందో చూపించే పటం పెట్టుకుని, నడిపేవాడికి తోడుగా తనూ మేలుకున్నారు.

"ఇక్కడ ఎడమకి తిరగాలి కదుటే. ఇంకా తిరగడేం?"

"మీరు పడుకోండి. ఆయనా చదువుకున్నవాడే."

"చదువుకున్నవాళ్ళ సంగతి నాకు తెలీదా? ఆఫీసులో చూశాను."

కాసేపటికి విమానం ఎడమకి తిరిగింది. ఆయన నావైపు చూసి తలాడించారు, తను చెప్పబట్టే తిరిగినట్టు. ఆ తర్వాత ప్రశాంతంగా గురకపెట్టారు. నేను కిటికీ రెక్క పైకి తీసి చూశాను. కింద సముద్రం. పాతికేళ్ళు సుద్దముక్క అరగదీసినా ఆ నీలం నా చేతికి ఎప్పుడూ రాలేదు. పిల్లలకి తప్పు రంగు నేర్పానని అక్కడ, అంత ఎత్తులో తెలిసింది.

విమానం దిగాం. సూట్‌కేసులు తిరిగే బెల్టు దగ్గర నిలబడ్డాం. బయటి దేశంలో ఫోను పనిచేయడానికి డబ్బు కట్టడం మా ఆయన సిద్ధాంతానికి విరుద్ధం కాబట్టి, ఎయిర్‌పోర్టువాళ్ళు ఊరికే ఇచ్చే వైఫై పట్టుకున్నాం. పట్టుకోగానే రెండు ఫోనులూ మొదలుపెట్టాయి. టింగు, టింగు, టింగు. పక్కవాళ్ళు మమ్మల్ని చూసి కొంచెం జరిగి నిలబడ్డారు.

మా వాళ్ళందరూ ఉండే గ్రూపు ఒకటుంది. దాని పేరు "మనవాళ్ళు". అందులో అన్నిటికంటే పైన మా అమ్మాయి పెట్టిన ఫోటో. ఎయిర్‌పోర్టులో మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి తీసింది. దానికి ఫోటోల పిచ్చి ఉంది, కళ కోసమని తెలుపు నలుపుల్లోకి మార్చింది. కింద ఒక మాట రాసింది.

"అమ్మానాన్న వెళ్ళిపోయారు. ఇల్లంతా బోసిపోయింది."

కింద మా వదిన, అంటే మా ఆయన అక్క, అడిగింది: "ఇద్దరూనా?"

మా అమ్మాయి జవాబు: "అవునత్తా. ఇద్దరూ కలిసే."

"ఎలాగమ్మా?"

"విమానంలో అత్తా. అమ్మకి ఎప్పట్నుంచో ఇదే కోరిక. నవ్వుతూ వెళ్ళారు. సరే అత్తా, నాకు డ్యూటీ టైమైంది."

అంతే. దాని ఆస్పత్రిలో ఫోను లాకరులో పెట్టి డ్యూటీకి వెళ్ళాలి, అందులోనూ ఆవేళ డబుల్ డ్యూటీ. మేం విమానంలో ఉన్నాం. ఇక ఆపేవాడు లేడు.

ఆ తర్వాత నూటెనభై మెసేజీలు. "అయ్యో", "నమ్మలేకపోతున్నాను", "నిన్నటిదాకా బాగానే ఉన్నారే." మా ఆయన పినతండ్రి కొడుకు రాశాడు: "ఇద్దరూ ఒకేసారి వెళ్ళడం అందరికీ దొరకదు." ఇంకొకాయన రాశాడు: "తల్లిదండ్రులు పోయిన పూట డ్యూటీకి వెళ్ళింది. ఆ పిల్ల గుండె ధైర్యం చూడండి."

సూట్‌కేసులు రెండూ మా ముందునుంచే వెళ్ళి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చాయి.

"ఏమండీ."

"ఊఁ."

"మనం పోయామనుకుంటున్నారండీ."

"చూస్తున్నాను" అన్నారు ఆయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదువుతున్నారు. నేను అనుకున్నంత కంగారు ఆ మొహంలో లేదు. మా అమ్మాయి ఫోటోని ఎవరో వాళ్ళ పాత ఆఫీసు గ్రూపులో కూడా పెట్టారు. అక్కడ ఆయన్ని కర్మయోగి అన్నారు. అజాతశత్రువు అన్నారు. ఆఫీసులో ఆయనతో మాటల్లేని క్యాషియరు కూడా "పెద్దదిక్కు కోల్పోయాం" అని రాశాడు.

"ఇది చూడు. వీడు రాసింది చూడు" అని వినిపించారు.

"ముందు బతికే ఉన్నామని పెట్టండి."

"పెడదాంలే. మా డైరెక్టరుగారు ఇంకా రాయలేదు. ఆయనది కూడా చూసి పెడదాం."

నేను నా గురించి వెతికాను. వంట బాగా చేసేది అని నలుగురు రాశారు. సర్దుకుపోయే మనిషి అని ఇద్దరు రాశారు. మా పక్కింటావిడ, పాపం తన స్టీలుడబ్బా నా దగ్గరే ఉండిపోయిందని, అది ఇప్పుడు అడగడం బాగుండదని రాసింది. ఇక మా వదిన: "వాడు లేకుండా తను ఉండలేదు. అందుకే వాడి వెంటే వెళ్ళింది."

అంటే నేను సొంతంగా చచ్చానని కూడా ఒక్కరూ అనుకోలేదు.

స్కూలు మాట ఎవరూ ఎత్తలేదు. దీవుల మాట సరేసరి.

ఆ కిందనే మా తమ్ముడి మెసేజీ కనబడింది. అది చదివాక ఎవరిదో సూట్‌కేసు మీద కూర్చున్నాను.

"ఎవరూ కంగారు పడకండి. ఓడలో అక్కావాళ్ళ గది రద్దు చేయించాను. ఇద్దరూ చనిపోయారని కంపెనీకి తెలియజేశాను. సాక్ష్యం అడిగితే మన గ్రూపులో మెసేజీలు ఫోటో తీసి పంపాను. వెంటనే ఒప్పుకున్నారు, పాపం మంచివాళ్ళు."

ఇక ఆగలేదు. గ్రూపులో రాశాను: "మేం బతికే ఉన్నాం. ఇప్పుడే విమానం దిగాం."

వెంటనే వదిన రాసింది: "ఎవడ్రా నువ్వు? పోయినవాళ్ళ ఫోను కొట్టేసి ఆటలాడుతున్నావా? నీ చేతులు పడిపోను."

"వదినా, నేనే."

"వదినా అంటున్నాడు. ఎంత తెలివిగా మాట్లాడుతున్నాడో చూడండి" అని ఎవరో రాశారు.

మరుక్షణం తెర మీద ఒక లైను వచ్చింది. నన్ను గ్రూపులోంచి తీసేశారు. దాని వెనకే ఆయన్ని కూడా తీసేశారు. ఆయన ఒక్క ముక్క కూడా రాయలేదు పాపం.

తమ్ముడికి చేస్తే ఫోను ఎంగేజు. అమ్మాయికి చేస్తే మోగుతూనే ఉంది. రేవుకి వెళ్ళే బస్సు బయల్దేరుతోందంటే పరుగెత్తి ఎక్కాం. బస్సులోనూ వైఫై ఊరికే ఇచ్చారు, దారిలో డైరెక్టరుగారి మెసేజీ వచ్చింది. రెండు చేతులు జోడించిన బొమ్మ. అక్షరం లేదు.

"జోడించిన చేతులు కూడా ఆయనవి కావు. ఫోనులో ఉండేవి" అని మా ఆయన బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అప్పుడు మాత్రం నిజంగా పోయినవాడిలాగే కనిపించారు.

రేవులో పెద్ద అద్దాల హాలు. అద్దం అవతల ఓడ. ఓడ అంటే నేను పుస్తకంలో బొమ్మంత అనుకున్నాను. అది ఒక వీధి. తెల్లటి వీధిని నిలువునా లేపి నీళ్ళలో నిలబెట్టినట్టుంది. ఒక్కో అంతస్తులో వరసగా బాల్కనీలు. వాటిలో ఒకటి నాది. విమానం ఎక్కేదాకా.

కౌంటర్లో ఉన్న అమ్మాయి మా పాస్‌పోర్టులు తీసుకుని కంప్యూటరులో చూసింది. చూసి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

"క్షమించండి. ఈ ఇద్దరూ చనిపోయినట్టుంది."

"మేమేనమ్మా వాళ్ళం" అన్నాను.

"మీరు బతికే ఉన్నారని నాకు కనిపిస్తోందండీ. కంప్యూటరుకి కనిపించట్లేదు. ఎవరు రద్దు చేశారో వాళ్ళే వెనక్కి తీసుకోవాలి. ఓడ మెట్లు కాసేపట్లో ఎత్తేస్తారు."

తమ్ముడి ఫోను ఇంకా ఎంగేజే. ఆలోచించి, ఆ హాల్లో ఊరికే ఇచ్చే వైఫై పట్టుకుని వదినకి వీడియో కాల్ చేశాను. వదిన ఎత్తింది. నన్ను చూసింది. ఫోను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, ఒకసారి వెనక్కి తిప్పి కూడా చూసింది.

"నువ్వు పోయావు కదే."

"లేదు వదినా. విమానంలో వచ్చాం."

"అదేగా అంటున్నా. విమానంలో పోయారని చెప్పింది నీ కూతురు."

"పోయాం వదినా. వచ్చి చేరాం కూడా. ఊరు చూడటానికి పోయాం."

"వాడేడి?"

మా ఆయన పక్కనుంచి తల పెట్టారు. "అక్కా."

వదిన తమ్ముణ్ని కళ్ళారా చూసుకుంది. చూసుకుని, "అయితే మాకు చెప్పకుండా షికారుకెళ్ళారన్నమాట" అని అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. మేం పోయామన్నప్పుడు ఆవిడ అంతలా ఏడ్చిందో లేదో నాకు తెలీదు. "ఒక్క మాట చెబితే నేను అడ్డం పడతానా? తోడొస్తానంటానా?"

"వదినా, ముందు మా తమ్ముణ్ని పిలవండి."

ఫోను పట్టుకుని ఆవిడ నడుస్తుంటే వెనక అంతా కనిపించింది. అది మా ఇల్లే. తమ్ముడి దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. మా హాలు. నిండా అద్దె కుర్చీలు. కుర్చీల నిండా మావాళ్ళు. అద్దాల బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎంత గొప్పవాళ్ళొచ్చినా తియ్యడానికి నాకు చేతులు రాని బంగారు అంచు కప్పుల్లో అందరూ కాఫీ తాగుతున్నారు. మా పక్కింటావిడ వంటింట్లోంచి స్టీలుడబ్బాతో వస్తోంది. చచ్చామన్నప్పుడు తగలని షాకు అప్పుడు తగిలింది.

"అక్కా" అన్నాడు తమ్ముడు తెరమీదికొచ్చి. వాడి కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "నిజంగా నువ్వేనా?"

"నేనేరా."

"మరి నేను రద్దు చేసేశానే."

"విమానం పడిందో లేదో వార్తల్లో చూసుకోవద్దట్రా?"

"వార్తలు చూస్తూ కూర్చుంటే గడువు దాటిపోదూ? మీరెలాగూ రారు, కట్టిన డబ్బులైనా రావాలి కదా అని."

"సరే, ఏడవకు. మేం చనిపోలేదని వాళ్ళకి చెప్పు. ఇప్పుడే చెప్పు."

ఆ మాట వాడికి చెప్పక్కర్లేదు. నా వాక్యం పూర్తయ్యేసరికి ఇంకో ఫోనులో వాడి వేళ్ళు ఆడుతున్నాయి. "ఒక్కొక్కళ్ళది విడివిడిగా ఉందక్కా. ముందు నిన్ను బతికించేశా. ఇప్పుడు బావగారిది తెరుస్తున్నా."

"ఆగమనండి" అంది కౌంటర్లో అమ్మాయి.

నేను ఆమె వైపు చూశాను. ఆమె కంప్యూటరునే చూస్తూ చెప్పింది.

"మీ పేరు ఇప్పుడు వచ్చింది. ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళ గదిలో ఒక్క పడక ఖాళీగా ఉంది. అది మీకు ఇవ్వగలను. ఆయన పేరు కూడా వస్తే మీరు దంపతుల కిందికి వెళ్తారు. దంపతుల గదులన్నీ అయిపోయాయి. మీ బాల్కనీ గది కూడా వేరేవాళ్ళకి ఇచ్చేశాం."

"అంటే?"

ఆ అమ్మాయి పాపం చాలా మర్యాదగా చెప్పింది. "ఇద్దరూ బతికుంటే ఓడలో చోటు లేదండీ."

ఫోనులోంచి తమ్ముడి గొంతు. "అక్కా, బావగారిది తెరుచుకుంది. నొక్కేస్తున్నా."

"ఆగరా."

వాడు ఆగాడు. పుట్టాక వాడు ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఏమంటోంది ఆ పిల్ల?" అన్నారు మా ఆయన.

"మీరు బతికితే నేను ఓడెక్కడానికి లేదటండీ."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు ఆలోచించారు. ఫైలు చూసే మొహం పెట్టారు. ఓడ వైపు చూశారు, నావైపు చూశారు. ఆఖరికి అన్నారు, "సరేలే. ఇంకెప్పుడైనా వద్దాం."

ఆ "ఇంకెప్పుడైనా" నాకు కొత్త కాదు. కానీ అంతకుముందెప్పుడూ ఆ మాట విన్నప్పుడు అద్దం అవతల ఓడ లేదు. హాల్లో మైకులో ఏదో చెప్పారు. ఓడ మెట్ల దగ్గర మనుషులు తాళ్ళు విప్పుతున్నారు.

"అక్కా, నొక్కమంటావా, వద్దంటావా?" అన్నాడు తమ్ముడు.

"బావగారిని అలాగే ఉంచరా" అన్నాను.

అన్నది నేనేనా అని పక్కకి చూశాను. పక్కన మా ఆయన తప్ప ఎవరూ లేరు. ఆయన నోరు తెరుచుకుని ఉంది.

"అలాగే అంటే?" అన్నాడు తమ్ముడు.

"ఎలా ఉన్నారో అలాగే. ఓడ తిరిగొచ్చేదాకా."

ఫోనులో ఎవరో బంగారు అంచు కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత వదిన, "ఏమంటోందిరా అది?" అంది.

"అంటే నేను…" అన్నారు మా ఆయన.

"కొన్నాళ్ళేనండీ."

"మరి నేను ఎక్కడుండాలే?"

"ఇంటికెళ్ళండి. అంతమంది మీకోసమే వచ్చి కూర్చున్నారు. మీరు లేకపోతే బాగుండదు."

ఆయన "ఊఁ" అన్నారు. ఈసారి దానికి అర్థమేమిటో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని ఆగితే మెట్లు ఎత్తేస్తారు. ఈలోపు తమ్ముడు, "అక్కా, బావగారికి రాత్రి విమానంలో టికెట్ చేసేశాను" అన్నాడు.

కౌంటర్లో అమ్మాయి నా పాస్‌పోర్టు మీద కాగితం అంటించి ఇచ్చింది. ఇస్తూ, "మీ వారి విషయంలో మా సంతాపం" అంది. అంటూనే ఆయన ఎదురుగా ఉన్నారని గుర్తొచ్చి, ఆయనకి కూడా ఒక నవ్వు నవ్వింది. ఆయన మర్యాదకి తిరిగి నవ్వారు.

నా సూట్‌కేసు నేనే లాక్కుంటూ వెళ్ళాను. ఓడ మెట్లు అడుగు వేస్తే కొంచెం ఊగుతాయని పుస్తకంలో ఎక్కడా రాయలేదు. నా వెనకే తాడు వేసేశారు.

పైకి వెళ్ళి కటకటాలు పట్టుకుని వెనక్కి చూశాను. అద్దాల హాలు బయట, రేవు అంచున మా ఆయన నిలబడి ఉన్నారు. పక్కన ఆయన సూట్‌కేసు. ఓడ నెమ్మదిగా కదిలింది. ఆయన చెయ్యెత్తి ఆడిస్తున్నారు. వెళ్ళిరా అంటున్నారో, వెనక్కి రమ్మంటున్నారో అంతదూరం నుంచి తెలియడం లేదు.

నేను చెయ్యి ఊపాను.